ఎడమ నుంచి మూడో అమ్మాయి

బందరులో ఒక లోకల్ కేబుల్ ఛానెల్లో నేను నాలుగేళ్ళు పనిచేశాను. సాయంత్రం ఏడింటికి వార్తలు చదివేదాన్ని. వార్తలయ్యాక పది నిమిషాల కార్యక్రమం ఒకటి ఉండేది. అది నా సొంత ఆలోచన. ఆ రోజు వార్తల్లోంచి ఒకటి తీసుకుని, దానికి సరిపోయే సినిమా పాట వేసేదాన్ని. పార్టీ మారిన నాయకుడికి ఉయ్యాల పాట. సినిమా ఆడని హీరోకి విరహగీతం. విడిపోయామని ప్రకటించిన నెలలోపే ఒక పెళ్ళిలో పక్కపక్కన కనిపించిన తారలకి పాత యుగళగీతం. పాటకి ముందుగానీ తర్వాతగానీ ఒక్క వ్యాఖ్య కూడా చేసేదాన్ని కాదు. వార్త చదివి, ఒక క్షణం ఊరుకుని, పాట వదిలేదాన్ని.

పాటల పిచ్చి నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. మాది పెడన. మా నాన్న కలంకారీ అద్దకం షెడ్డులో పనిచేసేవాడు. అక్కడ పొద్దున్నుంచీ రేడియో మోగుతూనే ఉండేది. బడి లేని రోజుల్లో నేను నాన్న పక్కన కూర్చుని, అచ్చు గుడ్డ మీద పడే చప్పుడు పాట దరువుతో కలుస్తోందా లేదా అని చూసేదాన్ని. ఏ పాట ఎవరు పాడారో నాకు అంతగా గుర్తుండేది కాదు. ఎవరిని చూసి ఎవరు, ఏ సందర్భంలో పాడతారో మాత్రం మర్చిపోయేదాన్ని కాదు. ఆ జ్ఞాపకమే నాకు ఉద్యోగంలో పనికొచ్చింది. కోర్టు దగ్గర టీ బడ్డీల వాళ్ళు, ఆటోవాళ్ళు నన్ను ఆపి, "ఇవాళ ఏం పాటండీ?" అని అడిగేవారు. లోలోపల గర్వంగానే ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం ఎవరో నా ఫోనుకి ఒక ఫొటో పంపారు. పెళ్ళి రిజిస్ట్రేషన్ కోసం రిజిస్ట్రారు ఆఫీసు నోటీసు బోర్డు మీద అతికించిన కాగితం అది. పెళ్ళికూతురు గుడివాడ ఆవిడ. వయసు యాభై మూడు. టీవీ సీరియళ్ళలో గయ్యాళి అత్తగా ఇంటింటికీ తెలిసిన నటి. పెళ్ళికొడుకు అవనిగడ్డలో ఉండే రిటైరైన తెలుగు లెక్చరర్. వయసు అరవై రెండు. భార్య పోయిన మనిషి.

ఆ రోజు పాట కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. ఒక పాత హుషారు పాట ఉంది. వయసు మళ్ళిన ఒకావిడ తలనిండా మల్లెపూలు పెట్టుకుని వీధిలోకి వస్తే, ఆడపిల్లలంతా చుట్టూ చేరి ఆటపట్టించే పాట. "గుడివాడ అత్తగారు అవనిగడ్డ కోడలు కాబోతున్నారు" అని ఒక్క వాక్యం చదివాను. పాట వేశాను. పాట సగంలో ఉండగా తెర మీద ఆ నోటీసు ఫొటో, కింద వాళ్ళిద్దరి ఫొటోలు వచ్చేలా పెట్టాను. ఛానెల్ ఓనరు గారిని మేమంతా బాబాయిగారనేవాళ్ళం. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. మర్నాటికి ఆ ముక్క జిల్లా అంతా ఫోన్లలో తిరిగింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ ఆఫీసుకి వచ్చింది. సీరియల్లో కనిపించే పట్టుచీరా నగలూ లేవు. నేత చీర, చేతిలో గుడ్డసంచీ. మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా తలుపు దగ్గరే నిలబడింది. బాబాయిగారు భోజనానికి వెళ్ళారు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.

"పాటలు వేసే అమ్మాయి మీరేనా?"

"నేనేనండి." లేచి కుర్చీ వేశాను. ఆవిడ కూర్చుంది.

"ఆ పాట ఒకసారి వేస్తారా?"

తిట్టడానికి వచ్చిందనుకున్నాను. క్షమాపణ మాటలు నోటిదాకా వచ్చాయిగానీ, ఆవిడ చూపు కంప్యూటర్ మీదే ఉంది. పాట వేశాను. పల్లవి అయ్యాక ఆవిడ చెయ్యెత్తింది. "ఆపండి. ఇక్కడ."

ఆపాను. తెర మీద మల్లెపూల ఆవిడ చుట్టూ అమ్మాయిలు వరసగా నిలబడి ఉన్నారు.

"ఎడమ నుంచి మూడో అమ్మాయి. పచ్చ పరికిణీ. అది నేనే."

దగ్గరికి వంగి చూశాను. సన్నగా, కోలమొహంతో, నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతున్న పిల్ల. ఆ పాట ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ఆ పిల్లని ఎప్పుడూ చూడలేదు.

"పంతొమ్మిదేళ్ళు నాకప్పుడు. అదే మొదటి సినిమా. రెండు రోజులు తీశారు ఈ పాట. ఈ మల్లెపూలావిడ ఉంది చూశారూ, షాట్ అవగానే వెళ్ళి దూరంగా కూర్చునేది. మాతో మాట్లాడేది కాదు. పెద్ద నటి కదా, పొగరు కాబోలనుకున్నాం. మేం పిల్లలం, షాట్ అయ్యాక కూడా నవ్వుతూనే ఉండేవాళ్ళం మరి." ఆవిడ కాసేపు తెరనే చూసింది. "ఇక తీసేయండమ్మా."

"తప్పు చేశానండి," అన్నాను. ఆ మాట నాకే చాలా చిన్నదిగా వినిపించింది.

"మీరు నన్ను అడిగుంటే చెప్పేదాన్ని. నాలుగేళ్ళ కింద అవనిగడ్డలో నాటకం ఆడుతుంటే స్టేజీ మీదే కళ్ళు తిరిగి పడ్డాను. బీపీ. మా బృందమంతా కంగారుపడుతుంటే ప్రేక్షకుల్లోంచి మాస్టారు లేచొచ్చి, కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తెల్లారేదాకా వరండాలో కూర్చున్నారు. అప్పట్నుంచి రోజూ ఫోను చేసి మందు వేసుకున్నారా అని అడుగుతారు. నలభై ఏళ్ళు దాటాక నన్ను ఆ మాట అడిగినవాళ్ళు ఎవరూ లేరు."

ఆవిడ వెళ్ళబోతుంటే, టీవీలోనే క్షమాపణ చెబుతానన్నాను.

"వద్దమ్మా. మళ్ళీ ఆ టైముకి నా ఊసు రానివ్వకండి. మీరు సారీ చెప్తే, చూడనివాళ్ళు కూడా వెతుక్కుని చూస్తారు."

పెళ్ళి ఎప్పుడని అడిగాను. "మాస్టారు కొన్నాళ్ళు ఆగుదామన్నారు," అని మెట్లు దిగింది.

ఆ ఆదివారం చల్లపల్లి మీదుగా అవనిగడ్డ బస్సెక్కాను. వెళ్ళి ఏం చెప్పాలో తెలీదు. ఆగుదామనడానికి కారణం నేనేనా అన్నది తెలుసుకోకుండా ఉండలేకపోయాను, అంతే. మాస్టారి ఇల్లు తెలుసుకోవడం కష్టం కాలేదు. ఇంటి పేరు చెప్పగానే దారి చూపించినాయన నవ్వాడు. ఎందుకు నవ్వాడో నాకు తెలుసు.

తలుపు తీసింది ఆయన కూతురు. దాదాపు నా వయసే. మొవ్వలో అత్తగారిల్లు. నన్ను చూడగానే గుర్తుపట్టింది. లోపలికి రమ్మంది. మంచినీళ్ళిచ్చింది. ఆ మర్యాదకి నేను ఇంకా కుంచించుకుపోయాను.

"మీ ప్రోగ్రాం నేను రోజూ చూస్తానండి," అంది. "ఆ రోజు నేనూ మా అత్తగారూ కూర్చుని చూస్తున్నాం. అవనిగడ్డ అంటే మా ఊరే కదా, ఎవరబ్బా అనుకుంటూనే నవ్వేశాను. ఆ పాటకి నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? మా అత్తగారూ నవ్వారు. అప్పుడు వేశారు మీరు నాన్న ఫొటో."

నేను తల దించుకున్నాను.

"నాన్న చెప్పలేదండి నాకు. చెప్పడానికి ఆ వారం వస్తానన్నారు. ఈలోపే ఇది. నేను నవ్వడం మా అత్తగారు చూశారు. నవ్వు ఆపుకోవడం కూడా చూశారు. ఇప్పుడు నాన్న పెళ్ళికి సరే అంటే అత్తగారి ముందు ఇబ్బంది, వద్దంటే నాన్న ముందు ఇబ్బంది. ఏం అనాలో నాకు తెలియట్లేదు."

మాస్టారు లోపలి గదిలోంచి వచ్చారు. పొడుగాటి మనిషి. నేను లేచి నిలబడితే కూర్చోమని చేత్తో చూపించారు. నేను చెప్పినదంతా విన్నారు.

"నన్ను చూసి ఊరు నవ్వితే ఏం కాదమ్మా," అన్నారు. "ముప్పై ఏళ్ళు క్లాసురూముల్లో నిలబడ్డవాణ్ణి, నా వెనక ఎన్ని నవ్వులు విన్నానో. కానీ నా కూతురు నోట్లో నవ్వు మధ్యలో ఆగిపోయిందే, అది నాకు తల్చుకున్నప్పుడల్లా కష్టంగా ఉంది. అది సర్దుకునేదాకా నేను పెళ్ళి మాట ఎత్తలేను."

బస్సులో తిరిగొస్తూ కిటికీ పక్కన కూర్చున్నాను. ముందు సీట్లో ఒకతను ఫోనులో వీడియోలు ఒక్కొక్కటే జరుపుతున్నాడు. మా పాట వస్తుందేమోనని చల్లపల్లి దాకా బిగుసుకుని ఉన్నాను. రాలేదు.

బాబాయిగారితో చెప్పి ఆ ముక్కని ఛానెల్ పేజీలోంచి తీయించాను. ఫోన్లలో తిరిగేదాన్ని ఆపడం నా చేతిలో లేదు. కార్యక్రమం వెంటనే మానలేదు. పాట వేసేముందు ఆ మనిషికి ఫోను చేసి అడగడం మొదలుపెట్టాను. చాలామంది వద్దన్నారు. ఒప్పుకున్నవాళ్ళు తమకి నచ్చిన పాట వేయమన్నారు. పెద్దపెద్ద హీరోలకి, మంత్రులకి ఫోను చేసే దారి నాకెక్కడిది? చివరికి వానల మీదా ఎండల మీదా పాటలు మిగిలాయి. "ఉప్పూకారం లేదే ఇందులో," అన్నారు బాబాయిగారు. ఆయనన్నది నిజమే. ఇంకో ఏడాది లాగి, నేనే ఆపేద్దామన్నాను. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఉద్యోగం కూడా మానేసి, ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా చేరాను.

వాళ్ళ నోటీసు గడువు దాటిపోయిందనీ, పెళ్ళి జరగలేదనీ ఎవరో చెబితే విన్నాను. నా పాట వేయకపోతే జరిగేదా? తెలీదు. వేశాక జరగలేదన్నది మాత్రం తెలుసు.

మొన్న వేసవిలో ఒక పెళ్ళి చూసుకుని గుడివాడ బస్టాండులో బందరు బస్సు కోసం నిలబడ్డాను. సిమెంటు బల్ల మీద ఆవిడ కనిపించింది. జుట్టుకి రంగు వేయడం మానేసినట్టుంది. పలకరించాలా, పక్కకి తప్పుకోవాలా అని తేల్చుకునేలోపే ఆవిడే పిలిచింది. పక్కన చోటు చూపించింది. సీరియళ్ళు తగ్గించేశాననీ, ఇంటి దగ్గర పిల్లలకి నాటక పద్యాలు నేర్పుతున్నాననీ చెప్పింది. నేను టీచరుగా చేరానంటే, నా స్కూలు గురించి అడిగింది.

"పెళ్ళి సంగతి అడగరేం?" అంది ఉన్నట్టుండి.

"అడిగే మొహం లేదండీ నాకు."

"మీ పాట ఒక్కటే అనుకోకండి. ఏడాది గడిచాక మాస్టారి అమ్మాయే వచ్చి, చేసుకోండి ఆంటీ అంది. మంచి పిల్ల. అప్పటికి నాకే మనసు లేకపోయింది. మళ్ళీ ఆ బోర్డు మీద కాగితం, మళ్ళీ ఎవరో ఫొటో తీయడం. ఓపిక లేదమ్మా. ఆయన బుధవారం వస్తారు, శుక్రవారం వెళ్తారు. ఇరుగుపొరుగు ఏదో అనుకుంటారు. అనుకోనీ."

అవనిగడ్డ నుంచి వచ్చిన బస్సు ఆగింది. మాస్టారు ఒక చేత్తో కడ్డీ పట్టుకుని మెల్లగా దిగారు. ఆవిడ లేచి వెళ్ళి బ్యాగు అందుకోబోతే ఇవ్వలేదు. నన్ను చూసి, ఎక్కడో చూసినట్టుందే అన్నట్టు కాసేపు నిలబడ్డారు.

"మన బందరు అమ్మాయండీ. టీచరు ఇప్పుడు," అని చెప్పింది ఆవిడ.

ఆయనకి గుర్తొచ్చిందో లేదో నాకు తెలియలేదు. "ఏ క్లాసులకి చెప్తావమ్మా?" అని అడిగారు. ఏడు, ఎనిమిది అని చెప్పాను. పిల్లల చేత పద్యాలు పైకి చదివించమన్నారు. సరేనన్నాను. ఎండ ఎక్కువగా ఉందని ఆవిడ తొందరపెడితే ఇద్దరూ ఆటోల వైపు నడిచారు.