స్కాన్ చేయని పేజీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా నాన్న పాస్టరు, అమ్మ టీచరు. ఇంట్లో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే కసురుకునేవారు. ఇప్పుడు ఇది చెబుతున్నది కూడా భయంతో కాదు, ఒళ్లు మండి.

తాడేపల్లిగూడెం వైపు ఒక ట్రస్టు లైబ్రరీలో పంతొమ్మిదేళ్లుగా లైబ్రేరియన్‌ని. రోజూ భీమడోలు నుంచి రైల్లో వెళ్లొస్తాను. కిందటేడు కమిటీ వాళ్లు కంప్యూటరు, స్కానరు కొని, "ఇక మీ పని పుస్తకాలివ్వడం కాదండీ, డిజిటల్ చేయడం" అన్నారు. సరేనని నేర్చుకున్నాను. యంత్రం మీద నాకేం పగ లేదు. స్కాన్ అయినవాటిని తూకానికి అమ్మేయడం మీదే నా గొడవంతా.

పాత స్థానిక వారపత్రికల బైండ్లు పద్నాలుగు. పదమూడు పూర్తి చేశాను. చివరిది చెమ్మకి పేజీలు అతుక్కుపోయి ఉంది. విడదీయడానికి వారం గడువు అడిగాను. ఆ శనివారం నేను వెళ్లేసరికే అది పాత కాగితాల బండెక్కేసింది.

"అన్నీ నెట్‌లో ఉంటాయి కదండీ" అన్నారు సెక్రటరీగారు.

ఎవరు ఎక్కిస్తే ఉంటాయండీ అని అడిగాను.

రెండు వారాల తర్వాత, ఒక మధ్యాహ్నం, కొల్లేటి లంక ఊరి నుంచి సత్యవతి అనే ఆవిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. తను నెలల పిల్లగా ఉన్నప్పుడు, వరదలో జనాన్ని దోనెలో దాటిస్తూ వాళ్ల నాన్న మునిగిపోయాడట. ఆ వారం పత్రికలో ఆయన ఫొటో వేశారట. ఇంట్లో మరొకటి లేదు.

"మా నాన్న మొహం ఎలాగుంటదో నాకు తెల్దండి. ఒక్కసారి చూపించండి, చాలు."

ఆమె చెప్పిన ఏడాది, ఆ పోయిన బైండులోదే. లేదని చెప్పడానికి నోరు రాక కంప్యూటర్లో ఫోల్డర్లు తెరుస్తూ పోయాను. పద్నాలుగో నంబరుతో ఒక ఫోల్డర్ కనిపించింది. అది నేను పెట్టింది కాదు. లోపల ఒకే ఒక్క పేజీ.

దోనె పక్కన తలగుడ్డ చుట్టుకుని నవ్వుతున్న కుర్రవాడు. పేజీ అంచు చిరిగింది. ఆ చిరుగు లేవకుండా ఒక చెయ్యి అదిమి పట్టుకుంది. పేజీతోపాటు ఆ చెయ్యి కూడా స్కాన్‌లో పడింది. చూపుడువేలికి పై కణుపు లేదు.

అలాంటి వేలు నాకు తెలిసి ఒక్కరికే ఉండేది. నాకంటే ముందు అక్కడ లైబ్రేరియన్‌గా చేసి, నాకు పని నేర్పిన మాస్టారిది. బైండింగ్ చేస్తుంటే తెగిందట. స్కానరు రాకముందే, ఆరేళ్ల క్రితమే ఆయన పోయారు.

ఫైలు తేదీ చూశాను. బైండు వెళ్లిపోయిన మర్నాడు, ఆదివారం, ఉదయం పది. ఆ వేళ లైబ్రరీకి తాళం. నేను చర్చిలో ఉన్నాను. సెక్రటరీగారికి స్కానరు ఆన్ చేయడం కూడా రాదు.

అంతలో సెక్రటరీగారే వచ్చి తెర చూసి, "ఆ చెయ్యి కట్ చేసి ప్రింటివ్వండి, బాగోదు" అన్నారు.

ఇన్నేళ్లలో ఆయన ముందు ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచాను. "ఆ చెయ్యి లేకపోతే పేజీయే లేదండీ. నేను కట్ చెయ్యను!"

ఉన్నదున్నట్టే ప్రింటు తీశాను. సత్యవతి వాళ్ల నాన్న మొహాన్ని చాలాసేపు చూసుకుంది. తర్వాత ఆ చెయ్యి ఎవరిదండీ అని అడిగింది.

"ఇక్కడ పనిచేసినాయనది" అన్నాను.

అంతకంటే ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.