టైటానియం గడియారానికి ఇనుప బకిల్: నందికొట్కూరు నుంచి కడపకు ఒక గొడవ ప్రయాణం

టైటానియం అని చెప్పి నా చేతికి ఇనుము కట్టినారు. కట్టింది కడపలో ఒక గడియారాల దుకాణం. నేనుండేది నందికొట్కూరులో. మధ్యలో ఆరేడు గంటల బస్సు దారి. అడగడానికి ఎవరొస్తారులే అనుకున్నట్టుంది. నేను పోయినాను.

ముందు ఈ టైటానియం పిచ్చి ఎందుకో చెప్తాను. నేను ట్రాక్టరు ట్రాలీలు తయారుచేసే షెడ్డులో వెల్డింగు పని చేస్తాను. ఎండాకాలం ఆ రేకుల కింద చెమట కారదు, పారుతుంది. స్టీలు గడియారం పెట్టుకుంటే వారానికే చెయ్యి ఎర్రగా కంది ఒకటే దురద. పూత గడియారమైతే మూడు నెలలకు పూత పోయి లోపలి రంగు బయటపడుతుంది. టైటానియం తేలిక, చెమటకు తుప్పు పట్టదు, చర్మానికి పడుతుంది, గీతలు పడినా బూడిద రంగులో కలిసిపోతాయి. ఇదంతా ఫోనులో చూసి నేర్చుకున్నాను, ఎవరూ చెప్పలేదు. పోయిన నెల కడపకు పెండ్లికి పోయి అక్కడే కొన్నాను. ఎంత తేలికంటే, మొదటిరోజు చేతికి ఉండగానే గడియారం కోసం ఇల్లంతా వెతికినాను.

అయినా దురద పోలేదు. దాని సంగతి పక్కనపెట్టి, గురువారం సాయంత్రం షెడ్డులో అందరి ముందర "ఇది అయస్కాంతానికి కూడా అంటుకోదు" అని గొప్పలు పోయినాను. మా మేస్త్రీ మస్తానన్న మాట వినే రకం కాదు, చేసి చూసే రకం. వెల్డింగప్పుడు ఇనుప ముక్కల్ని మూలమట్టంగా నిలబెట్టే పెద్ద అయస్కాంతం తెచ్చి గడియారానికి ఆనించినాడు. టప్పున అంటుకునింది.

"ఏమప్పా టైటానియం, నీకంటే నా మాగ్నెట్టుకే శానా నచ్చినట్టుండాదే!"

అంతటితో వదల్లేదు. వచ్చినోళ్ళందరూ చూడాలని రెండిటినీ అట్లే పావుగంట సేపు మేకుకు తగిలించి పెట్టినాడు. షెడ్డు మూసేలోపల టీ అంగడాయన కూడా నన్ను టైటానియం అనే పిలిచినాడు. "దుకాణమోనితో తప్పు ఒప్పించుకొని రా, పేరు తీసేస్తాం" అన్నాడు మస్తానన్న. శుక్రవారం మాకు సెలవు. అయస్కాంతం సంచిలో వేసుకుని బయలుదేరినాను.

గడియారంలో ఐదుంబావు చూసుకుని తీరిగ్గా స్టాండుకు పోతే ఐదున్నర బస్సు పోయి పది నిమిషాలైందన్నారు. గడియారం వెనకబడింది! గడియారం కట్టుకున్నోడు ఫోనులో టైము ఎందుకు చూస్తాడు? ఇది నా రెండో ఫిర్యాదు. ఆరింటి బస్సెక్కి ఏడుకు కర్నూలులో దిగి, ఉగ్గాని బజ్జీ తిని, ఏడున్నరకు కడప బస్సు పట్టుకున్నాను. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా ఐదు గంటలు. పోను టికెట్లన్నీ కలిపి నాలుగు వందల లోపే. పొద్దున పోయేవాళ్ళు కుడిపక్క కూర్చోండి, ఎండ ఎడమ నుంచి కొడుతుంది.

"అక్కా, కడపకు ఎన్నింటికి పోతాం?" అని కండక్టరక్కను అడిగినాను.

"చేతికి గడియారం పెట్టుకొని నన్నడుగుతాండావే?"

"ఇది ఇనుముదక్కా."

"ఇనుముదైతే టైము చూపీదా?"

ఫోను తీసి టైము చూసుకున్నాను.

దుకాణంలో పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని ఏదో గడియారం విప్పుతున్నాడు. నేను సంచిలోంచి అయస్కాంతం తీసి ఆయన ముందర పెట్టినాను. పళ్ళెంలో ఉన్న మరలు, పిన్నులు అన్నీ ఎగిరొచ్చి దానికి అతుక్కున్నాయి.

"తీయప్పా దాన్ని! ఈడ నలభై గడియారాలుండాయి, అన్నీ నిలబడిపోతాయి!" అని లేచి అరిచినాడు. అరిచి, నా చేతి వైపు చూసినాడు. "ఈ రాక్షసిని దీనికి కూడా పెట్టినావా?"

"పెట్టినాం."

"అది పక్కన ఉన్నంతసేపూ ముల్లు కదల్దు. నీ టైము నువ్వే తింటివి గదప్పా."

రెండో ఫిర్యాదు అక్కడికక్కడే చచ్చింది. తర్వాత ఆయన ఒక చిన్న అయస్కాంతంతో గడియారాన్ని తడిమినాడు. డయలు చుట్టూ అంటుకోలేదు. చెయిను అంటుకోలేదు. బకిల్ దగ్గర టిక్కుమనింది. నేను చెయ్యి తిప్పి చూపించినాను. మణికట్టు కింద ఎర్రటి మచ్చ, సరిగ్గా బకిల్ అంత.

"డబ్బా మీద టైటానియం అని రాసుండాది గదా పెద్దాయనా?"

"గడియారానికి రాసినారప్పా. బకిల్‌కు రాయల్యా."

"బకిల్ లేకుండా ఎట్ల కట్టుకోవాల? మొలతాడుతోనా?"

ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "కంపెనీకి రాస్తాలేప్పా" అన్నాడు. ఎప్పుడంటే మళ్ళా "రాస్తాలేప్పా". తప్పు మాత్రం ఒప్పుకోలేదు. కారం దోశ తిని తిరుగు బస్సెక్కినాను.

బస్సులో బకిల్ కింద రుమాలు చుట్టుకుని చూసుకున్నాను. కోపం ఉన్నా నిజం చెప్పాలి: గడియారం మంచిది. ఇంత కష్టపడే చేతికి ఇంత తేలికైనది ఇంకోటి దొరకదు. నోరు మూసుకుని ఉంటే నాకు పేరు పడేది కాదు, నిజమే. కానీ నోరు మూసుకుని ఉంటే ఆ మచ్చ ఎక్కడిదో కూడా తెలిసేది కాదు. కొనేవాళ్ళకు ఒకటే మాట: చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకుని పోండి, బకిల్‌తో మొదలుపెట్టండి. అంటుకోకపోతే టైటానియమే అని కాదు, మంచి స్టీలు కూడా అంటుకోదు. అంటుకుంటే మాత్రం డబ్బులు తీయొద్దు.

పెద్దాయనా, ఇది మీకు. టైటానియం బకిల్ ఇస్తారా, గడియారమే మారుస్తారా, వచ్చే గురువారం సాయంత్రం ఆరు లోపల ఫోను చేసి చెప్పండి. నా నంబరు మీ బిల్లు పుస్తకంలో ఉంది. లేదంటే శుక్రవారం ఐదున్నర బస్సు ఈసారి తప్పిపోదు, ఫోనులో టైము చూసుకునే వస్తాను. పక్క సీట్లో మస్తానన్న ఉంటాడు. ఆయన ఒడిలో అయస్కాంతం ఉంటుంది.