మోకరించి చూడాల్సిన కొలత

తెనాలిలో బసవలింగం మేస్త్రి వడ్రంగి కొట్లో ఒక కట్టుబాటు ఉండేది. కుర్చీ చేసినవాడు కూర్చుని చూడాలి. మంచం చేసినవాడు పడుకుని చూడాలి. ఉయ్యాలబల్ల చేసినవాడు ఊగి చూడాలి. ఆ తర్వాతే సరుకు గుమ్మం దాటాలి. టేపుకి నడుం నొప్పి తెలియదనేవాడు ఆయన.

ఆ కొట్లో పద్దెనిమిదో ఏట చేరి చేయి తిరిగిన పనివాడైనవాడు ఇశ్రాయేలు. వాళ్ళది రేపల్లె. తండ్రి అక్కడి మిషను గుడిలో పోయేదాకా ముప్పై ఏళ్ళు గంట కొట్టాడు. కొడుక్కి గంట తాడు కంటే చిత్రిక మీద మనసు పోయింది. అయినా ప్రతి ఆదివారం ఉతికిన చొక్కా వేసుకుని రైలెక్కి రేపల్లె గుడికి వెళ్ళేవాడు. బాపట్ల పిల్ల ప్రమీలారాణిని చేసుకున్నాక ఇద్దరూ వెళ్ళేవారు.

డెబ్భై ఏడు ఉప్పెనలో ఆ గుడి సంఘంలోని సువార్తమ్మ ఇల్లు కూలింది. ఆమె భర్త మిషను బడిలో పంతులుగా చేసి పోయాడు. ఇంట్లో మిగిలినవి రెండు టేకు స్తంభాలు. మూడేళ్ళు వాటిని పెరట్లో కప్పిపెట్టి, చివరికి గుడికిచ్చేసింది. తాటాకింట్లో టేకేం చేసుకుంటాను, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం సంస్కారం తీసుకునేటప్పుడు జనం మోకరించడానికి మంచి రెయిలింగు చేయించండి అంది. పెద్దలు ఆ స్తంభాల్ని ఇశ్రాయేలు చేతిలో పెట్టారు. మన పిల్లాడే కదా అనుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇశ్రాయేలు నాటకాల వాళ్ళతో కలిశాడు. స్టేజీలు కట్టేవాడు, పని అయ్యాక పేకాటకు కూర్చునేవాడు, పేక అయ్యాక సారా. ఒక కంట్రాక్టరు వచ్చి పౌరాణిక నాటకానికి సింహాసనం కావాలన్నాడు, పది రోజుల్లో కావాలన్నాడు. కొట్లో మంచి టేకు ఎదురుగా ఉంది. రెండు నెలల్లో వేరే కర్ర కొని పెడదాంలే అనుకుని ఇశ్రాయేలు స్తంభాల మీద రంపం పెట్టాడు. సింహాసనం అద్భుతంగా వచ్చింది. మేస్త్రి కట్టుబాటు ప్రకారం దాని మీద కూర్చుని కూడా చూశాడు. ఆ డబ్బు నెల తిరక్కుండా గొంతు దిగిపోయింది.

రేపల్లె నుంచి పెద్దలు కబురు చేస్తే, స్తంభాలు లోపల పుచ్చిపోయాయని జవాబు పంపాడు. వాళ్ళు నమ్మి వేపకర్రతో ఏదో ఒకటి చేయించుకున్నారు. ఇశ్రాయేలు మాత్రం ఆ వారం గుడికి వెళ్ళలేదు. పై వారమూ వెళ్ళలేదు. అతన్ని ఎవరూ వెళ్ళగొట్టలేదు. సువార్తమ్మ ఎదురుపడితే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తనే ఆగిపోయాడు. ఆ ఆగడం పదకొండేళ్ళయింది.

అయిదేళ్ళకి సారా మానేశాడు. చెయ్యి వణికితే ఉలి ఊరుకోదు, ఒకనాడు బొటనవేలి మీదికి వచ్చింది. ఆ దెబ్బతో పేక కూడా పోయింది. చెడు అలవాట్లన్నీ తలుపు తీసుకుని వెళ్ళిపోయాయి గానీ గుడికి దారి మాత్రం తెరుచుకోలేదు. చిత్రిక పడుతూ పడుతూ చిన్నప్పటి కీర్తన ఒకటి నోట్లోకి వచ్చేది. రెండో చరణం దగ్గర గుర్తొచ్చి నోరు మూసుకునేవాడు. ఏటా క్రిస్మసుకి ప్రమీలారాణి పిల్లల్ని తీసుకుని బాపట్ల అన్నగారింటికి వెళ్ళేది. మీ ఆయన రాలేదేంటని అక్కడివాళ్ళు అడిగితే పని ఒత్తిడండి అనేది. డిసెంబరు ఇరవై అయిదున తెనాలిలో అంత ముంచుకొచ్చే వడ్రంగం పని ఏముంటుందో మర్యాదకి ఎవరూ అడిగేవారు కాదు.

తొంభై మే తుఫానుకి రేపల్లె గుడి పెంకులు లేచిపోయాయి. వానంతా లోపలే కురిసింది. వేప రెయిలింగు నాని, పుచ్చి, మరుసటేడు ఒక ఆదివారం జనం చేతుల్లోనే విరిగింది. గుడికి కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారికి పాత కథలేవీ తెలియవు. తెనాలిలో పేరున్న కొట్టని విని బసవలింగం మేస్త్రికి కార్డు రాశాడు. మేస్త్రి కళ్ళజోడు వెతుక్కోవడం బద్ధకించి ఆ కార్డు ఇశ్రాయేలుకిచ్చి చదవమన్నాడు.

చదివి ఇశ్రాయేలు కార్డు తిరిగి మేస్త్రి చేతిలో పెట్టాడు. ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాడు.

"మీ గుడి పని నీకు కాక ఇంకెవరికిస్తార్రా?" అన్నాడు మేస్త్రి. "నా దేవుడి పనైతే నేను చెయ్యనా?"

ఇశ్రాయేలు ఇంటికి కొత్త మంచం చేసుకుందామని దాచుకున్న టేకు బయటికి తీశాడు. కర్రకీ కూలికీ ఏమీ అక్కర్లేదని అయ్యగారికి రాశాడు. నెల రోజులు చేశాడు. కర్ర కుసులు వాటి గాడుల్లోకి ఎంత బిగువుగా దిగాయంటే అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. పట్టుకుని లేవడానికి వీలుగా పై కమ్మిని గుండ్రంగా తోమాడు. మోకాళ్ళు ఆనించే పలక అంచులు నున్నగా చేశాడు. అన్నీ చేశాడు, ఒక్కటి తప్ప.

"మోకరించి చూశావా?" అని అడిగాడు మేస్త్రి.

"చూశానండి."

మేస్త్రి అతని లుంగీ వైపు చూశాడు. "మరి మోకాళ్ళ దగ్గర రంపప్పొట్టు అంటలేదేంట్రా?"

అక్కడ బిగించాక చూస్తానండి అని తప్పించుకున్నాడు.

సంస్కారపు ఆదివారానికి ముందురోజు పొద్దున్నే రెయిలింగు ముక్కల్ని లారీ మీద వేసుకుని రేపల్లె వెళ్ళాడు. రమ్మనకుండానే ప్రమీలారాణి కూడా ఎక్కి కూర్చుంది. గుడి ఊడవాలి కదా అంది. మధ్యాహ్నం మూడింటికి బిగింపు పూర్తయింది. రసమట్టం పెడితే బుడగ నడిమధ్యన నిలబడింది. సంచి సర్దుకుని, ఎవరూ గుర్తుపట్టకముందే స్టేషనుకి నడుద్దామనుకుంటుండగా, గుడి కడగడానికి ఆడవాళ్ళు చీపుళ్ళు, బకెట్లు పట్టుకుని వచ్చారు. వాళ్ళ ముందు సువార్తమ్మ. డెబ్భై దాటింది, నడుం వంగింది గానీ కళ్ళు వంగలేదు.

"ఎవరూ, ఇశ్రాయేలేనా?" అంది. అతని జవాబు కోసం ఆగకుండా వెళ్ళి పలక మీద మోకరించింది. పై కమ్మి గడ్డానికి తగిలింది. మోచేతులు ఆనించబోతే భుజాలు చెవుల దాకా లేచాయి.

"చెక్క బావుందిరా. కానీ ఇది మనుషులకి కాదు, ఒంటెలకి చేశావు."

ఆడవాళ్ళు నవ్వారు. అయ్యగారు కంగారుపడి ఎంత తగ్గించాలో కొలవమన్నాడు. ఇశ్రాయేలు నిలబడే టేపు లాగాడు.

"నువ్వు మోకరించి చూడలేదా?" అని అడిగింది సువార్తమ్మ.

"చూళ్ళేదత్తా," అంది ప్రమీలారాణి, మొగుడి నోరు పెగలకముందే.

ఇక తప్పలేదు. చెవి మీద పెన్సిలు, చేతిలో టేపు, ఇశ్రాయేలు పలక మీద మోకాళ్ళు ఆనించాడు. ఆనించిన క్షణంలోనే కొలత తెలిసిపోయింది, రెండున్నర అంగుళాలు ఎక్కువ. పెన్సిలుతో గీత పెట్టి లేస్తే పని అయిపోయేది. గీత పెట్టాడు. లేవడానికి ఒళ్ళు సహకరించలేదు. పదకొండేళ్ళుగా వంగని మోకాళ్ళు వంగాక, వాటికి అక్కడే బావున్నట్టుంది.

వెనక ఆడవాళ్ళకి అర్థమైంది వేరు. దారి తప్పినవాడు తిరిగొచ్చి మోకరించాడనుకున్నారు. చీపుళ్ళు పక్కన పెట్టి ఒకామె కీర్తన ఎత్తుకుంది, మిగతావాళ్ళు అందుకున్నారు.

"కొలుస్తున్నానండి," అన్నాడు ఇశ్రాయేలు తల తిప్పకుండా.

వాళ్ళు ఇంకొంచెం గట్టిగా పాడారు. చిత్రిక దగ్గర అతను మింగేసే కీర్తనే అది. రెండో చరణం వచ్చింది. ఈసారి అతను నోరు మూసుకోలేదు, వాళ్ళతో కలిసి పాడాడు.

పాట అయ్యాక పక్కనే నిలబడ్డ సువార్తమ్మతో అన్నాడు. "అత్తా, నీ స్తంభాలు పుచ్చలేదు. నేనే అమ్ముకు తిన్నాను. నాటకాల వాళ్ళకి సింహాసనం చేసిచ్చాను."

అయ్యగారు ఎవరి మొహం చూడాలో తెలియక ఇద్దరినీ చూశాడు.

"తెలుసులేరా," అంది సువార్తమ్మ.

"ఎట్లా తెలుసు?"

"చూశాను కదా. తిరునాళ్ళలో నాటకమాడితే ముందు వరసలో చాపేసుకుని కూర్చున్నా. రాజు వేషగాడు వచ్చి మా ఇంటి స్తంభం మీద కూర్చున్నాడు. ఉయ్యాల కొక్కెం దిగిన చిల్లు సింహాసనం కాలికి అట్లాగే ఉంది. నా నలుగురు పిల్లలూ ఊగిన చిల్లు నాకు తెలీదా?"

"మరి పెద్దలతో చెప్పలేదేం?"

సువార్తమ్మ ఆడవాళ్ళ వైపు ఒకసారి చూసింది. ఆ రోజుల్లో నాటకాలకు వెళ్ళినవాళ్ళని మూడు నెలలు సంస్కారానికి రానిచ్చేవారు కాదు. ఆ మాట అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు.

"చెప్తే, నువ్వు నాటకానికి ఎందుకెళ్ళావంటారు కదరా," అంది మెల్లగా. "నీ దొంగతనం చెప్పాలంటే నాది కూడా చెప్పాలి. పదకొండేళ్ళు కడుపులో పెట్టుకునే ప్రభువు బల్లకి వచ్చాను. నువ్వు రాకుండా దాక్కున్నావు, నేను వచ్చి దాక్కున్నాను. కాస్త జరుగు."

అతను జరిగాడు. ఆమె పక్కనే మోకరించింది, గడ్డం మళ్ళీ కమ్మికి తగిలింది. ముందెవరు నవ్వారో తెలియదు. ప్రమీలారాణి మాత్రం చీపురు పట్టుకుని ఏడుస్తూ నవ్వుతూ నిలబడింది. అయ్యగారు వచ్చి ఇద్దరి తలల మీదా చెరొక చెయ్యి పెట్టాడు. ఇశ్రాయేలు ప్రార్థన చిన్నది. తండ్రీ, తప్పు చేశాను, వచ్చాను, అంతే. సువార్తమ్మ ప్రార్థన మాత్రం చాలాసేపు సాగింది. ఆ నాటకంలో పద్యాలు బాగున్నాయని కూడా దేవుడితో ఒప్పుకుంది.

తర్వాత ఇశ్రాయేలు రంపం తీశాడు. రెయిలింగు ఊడదీసి కాళ్ళు రెండున్నర అంగుళాలు కోసి, పొద్దు గుంకేలోపల మళ్ళీ బిగించాడు. ఈసారి ప్రతి మూరకీ ఒకసారి మోకరించి చూశాడు. ఆడవాళ్ళని కూడా ఒక్కొక్కరినే పిలిచి మోకరింపజేశాడు. లావుపాటావిడ ఒకామె, ఇంతసేపు కొలిస్తే రేపటి ప్రార్థన కూడా ఇవాళే అయిపోతుందయ్యా అంది. ఆ రాత్రి మొగుడూ పెళ్ళాం సువార్తమ్మ తాటాకింట్లో కొర్రమీను పులుసుతో అన్నం తిని పడుకున్నారు.

మర్నాడు సంస్కారం. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, రెండు వరసలూ రెయిలింగు మధ్యలో కలుస్తాయి. ఇశ్రాయేలు మగవాళ్ళ వరసలో చివరివాడు, అతని పక్కన ఆడవాళ్ళ వరసలో మొదటిది సువార్తమ్మ, ఆమె పక్కన ప్రమీలారాణి. మోచేతులు కమ్మి మీద సరిగ్గా ఆనాయి. అయ్యగారు ఒక్కొక్కరి చేతిలో రొట్టె పెడుతూ వస్తుంటే, ఇశ్రాయేలు కాయలు కాసిన అరచేతులు రెండూ చాపి ఎదురుచూశాడు. రొట్టె చిన్న ముక్క. దాన్ని నోట్లో పెట్టుకోవడానికి అతనికి కొంతసేపు పట్టింది.

ఆ వరస లేవాల్సిన వేళయింది. ఇదివరకు సువార్తమ్మని లేపడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు కమ్మి పట్టుకుని తనంతట తనే లేచి నిలబడింది. వెనక వంతు కోసం ఆగి ఉన్న ముసలివాళ్ళ వైపు తిరిగి, గుడంతా వినిపించేలా అంది.

"రండమ్మా రండి. లేవడం చాలా తేలిక."