ఆంటీ చీటీలో రొట్టెకూర

థాంక్స్‌గివింగ్‌కి పదహారు రోజుల ముందు, మంగళవారం పొద్దున, మా తెలుగు చర్చి గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. ఆంటీ ప్రభువునందు నిద్రించారని. నేను నేపర్‌విల్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉన్నాను. చదవగానే ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. నిద్రించడమేమిటి? పదమూడేళ్ళలో ఆవిడ నిద్రపోగా నేను చూసింది లేదు. నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ చేసొచ్చి, షూస్ విప్పకముందే పొయ్యి వెలిగించే మనిషి. రిటైరైనా ఆ తొందర పోలేదు. ఆ పొద్దున కూడా టీ పెడుతూ వంటింట్లోనే పడిపోయారట. అంబులెన్స్ వచ్చేసరికే అంతా అయిపోయింది.

నాకు ఆవిడ చుట్టం కాదు. అరోరాలో వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉండి ఎమ్మెస్ చదువుకున్నాను, అంతే. చదువైపోయి, ఉద్యోగమొచ్చి, పెళ్ళి చేసుకున్నాక కూడా వాళ్ళకి రెండు వీధుల అవతలే ఇల్లు కొన్నాను. ఎందుకిక్కడే అని మా ఆయన అడిగితే స్కూళ్ళు మంచివని చెప్పాను. అది అబద్ధమని ఆయనకీ తెలుసు.

వచ్చిన మొదటి ఏడాది, థాంక్స్‌గివింగ్ సెలవులకి నా రూమ్మేట్లిద్దరూ చుట్టాల ఇళ్ళకి వెళ్ళిపోయారు. గుడివాడకి ఫోన్ చేసి, ఇక్కడ నేను చాలా బాగున్నానని అమ్మకి చెప్పి, ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చున్నాను. మెట్ల పైనుంచి కేక వినబడింది. "ఏమ్మా, కిందేం చేస్తున్నావ్? పైకి రా, ఉల్లిపాయలు తరగాలి." వెళ్ళాను. రెండో ఉల్లిపాయకే భోరుమన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. "ఏడుపొచ్చినప్పుడు ఉల్లిపాయలు తరుక్కోవాలమ్మా. ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు," అని ఇంకో నాలుగు నా ముందు పెట్టారు.

మా చర్చికి వచ్చే మీలో చాలామంది ఆవిడ స్టఫింగ్, అంటే ఎండిన బ్రెడ్ ముక్కలతో చేసే వంట, తినే ఉంటారు. ఏటా చర్చి భోజనాలకి మూడు పెద్ద ట్రేలు వచ్చేవి కదా, అదే. నర్సింగ్ హోమ్ కిచెన్‌లో పనిచేసే ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకున్నారట. దానికి రొట్టెకూర అని పేరు పెట్టింది అంకుల్. చీజ్ అంటే ముక్కు మూసుకుని, సలాడ్‌ని గడ్డి అనే మనిషి, ఇదొక్కటి మాత్రం మారు వడ్డించుకుని తినేవారు. "వంకాయలో కూరితే గుత్తివంకాయ, కోడిలో కూరితే స్టఫింగ్. మనకి తెలియని వంటేం కాదు," అనేవారు ఆంటీ. మీరు ట్రేలో వేస్తున్నారు, ఎందులోనూ కూరట్లేదు కదా అంటే, "పేరు పెట్టింది నేనా? నోరు మూసుకుని సెలరీ తరుగు," అనేవారు.

రెండ్రోజుల ముందే బ్రెడ్ ముక్కలు కోసి, డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి, వడియాలు ఆరబెట్టినట్టు ఆరబెట్టేవారు. ఆ రెండ్రోజులూ ఇంట్లో అందరూ సోఫాలోనే తినాలి. తాజా బ్రెడ్ అయితే గంజవుతుందట. "రొట్టె చద్దిదైతేనే రుచి పీల్చుకుంటుందే. పెద్దల మాట చద్దిమూట అంటారుగా. మాట సంగతి నాకు తెలీదుగానీ, మూట మాత్రం ఇదిగో," అని ఆ దుప్పటి చూపించి నవ్వేవారు. తరగడం నా పని. పొయ్యి దగ్గరికి ఎవర్నీ రానిచ్చేవారు కాదు. పదమూడేళ్ళు తలొంచుకుని తరిగాను. ఒక్కసారైనా తలెత్తి, ఆవిడ అందులో ఏమేం వేస్తున్నారో చూడలేదు. ఎప్పుడూ ఉంటారు కదా అనుకున్నాను, సిగ్గు లేకుండా.

అంకుల్‌కి నాలుగేళ్ళుగా మతిమరుపు. ముందు పేర్లు పోయాయి, తర్వాత మనుషులు. ఆంటీ, కూతురు మాత్రమే ఆయన గుర్తులోంచి పోలేదు. శాన్ రామన్ నుంచి వాళ్ళమ్మాయి వచ్చి ఉంది. ఆయన పొద్దున లేవగానే "మీ అమ్మేదే?" అని అడుగుతారు. ఆ పిల్ల నిజం చెప్తుంది. అప్పుడే విన్నట్టు ఆయన గుండెలు బాదుకుని ఏడుస్తారు. గంటకి మర్చిపోయి మళ్ళీ అడుగుతారు. ఒకే చావుని ఆ ఇంట్లో రోజుకి ఐదారుసార్లు విన్నారాయన. వారం తిరిగేసరికి ఏడవడం మానేశారు, దాంతోపాటే తినడమూ మానేశారు. పెరుగన్నం పెడితే పెదాలు బిగించేసేవారు. డాక్టర్ చూసి, శుక్రవారానికి కూడా ఇలాగే ఉంటే హాస్పిటల్లో చేర్చి ముక్కులోంచి ట్యూబ్ వేయాలన్నాడు. ఈయన ఆ ట్యూబ్ పీకేసుకుంటారు, అప్పుడు చేతులు కట్టేస్తారు. అది కూడా ఆ డాక్టరే చెప్పాడు, మెల్లగా.

"అక్కా, డాడీ నన్ను ఒక్కటే అడిగారు," అంది ఆ పిల్ల ఫోన్‌లో. "రొట్టెకూర ఉందా, అని. నాకు అది చేయడం రాదు. ఐ జస్ట్ ఎట్ ఇట్, అక్కా. ఎవ్రీ ఇయర్. ఎప్పుడూ అమ్మని అడగలేదు." అంతే, ఫోన్ పెట్టేసింది.

వెళ్ళి వంటిల్లంతా వెతికాం. మసాలాల అర తలుపుకి లోపలి వైపు, టేప్‌తో అంటించిన చీటీ దొరికింది. చర్చి కేలండర్ వెనక కాగితం, ఆవిడ గుండ్రటి తెలుగు అక్షరాలు. ఉల్లిపాయలు ఆరు. సెలరీ ఒక కట్ట. వెన్న నాలుగు కడ్డీలు. సేజ్ కొంచెం. టైమ్ ఎక్కువ. కోడి ఉడికిన నీళ్ళు, రొట్టె తడిసేదాకా. అంతే. నేను ఆ చీటీని ముద్దు పెట్టుకున్నాను. ఇక అయిపోయింది, అంకుల్ తింటారు అనుకున్నాను.

టైమ్ ఎక్కువన్నారు కదా అని మొదటి ట్రే గంటన్నరసేపు అవెన్‌లో ఉంచాను. పైన పెచ్చుకట్టి, గరిటె దిగలేదు. రెండోది ఫాయిల్ కప్పి, సన్నటి వేడి మీద మూడు గంటలు పెట్టాను. ఉప్మా అయింది, అదీ మాడిన ఉప్మా. మూడోసారి, టైమ్ అంటే నాననివ్వడమేమో అనుకుని సగం రోజు నానబెట్టాను. ప్రతిదీ పట్టుకెళ్ళాను. అంకుల్ ప్లేటు మీదకి వంగి వాసన చూసేవారు, మొహం పక్కకి తిప్పుకునేవారు. "ఇది కాదమ్మా," అనేవారు, నన్ను నొప్పించకూడదన్నట్టు. చొక్కా కాలర్‌కీ మెడకీ మధ్య నా చెయ్యి దూరేంత ఖాళీ వచ్చేసింది. ఇంటికొచ్చి ట్రే చెత్తలో బోర్లించి, ఆంటీని తిట్టాను. కొలతలు రాయడానికి మీకేం రోగం, గంటలెన్నో రాస్తే చేతులు పడిపోతాయా అని, చచ్చిపోయిన మనిషిని, గట్టిగా.

బుధవారం సాయంత్రానికి సేజ్ ఆకు పొడి అయిపోయింది, సీసా అడుగున చిటికెడు మిగిలింది. స్టోర్‌కి వెళ్తే ఆ వరసంతా ఖాళీ. అరలు సర్దుతున్న పెద్దాయన్ని అడిగాను. "సేజ్ ఈజ్ గాన్, డియర్. ఓన్లీ టైమ్ లెఫ్ట్," అన్నాడు.

మూసేస్తున్నారేమో అనుకుని వాచీ చూసుకున్నాను. "హౌ మచ్ టైమ్?" అని అడిగాను.

"యాజ్ మచ్ యాజ్ యూ వాంట్," అని చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. లోపల సన్నటి పుల్లలు, ఆవగింజంత ఆకులు. మూత మీది పేరు నాకు బాగా తెలిసిందే. ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచి దాన్ని నేను థైమ్ అనే చదువుతున్నాను; పలకాల్సింది టైమ్ అని అప్పుడే తెలిసింది. ఇంగ్లిష్ అక్షరాలు చూసి చదివినదాన్ని నేను. కిచెన్‌లో ఆ పెద్దావిడ నోట విని, విన్నది విన్నట్టు టైమ్ అని తెలుగులో రాసుకున్నారు ఆంటీ. ఆవిడ తప్పేం రాయలేదు. నాకే చదవడం రాలేదు. ఆ మసాలాల వరసలో నిలబడి పగలబడి నవ్వాను, అది ఎప్పుడు ఏడుపైందో తెలీదు. ఆ పెద్దాయన భయపడి ఇంకో రెండు డబ్బాలు ఇచ్చాడు.

గురువారం వాళ్ళ వంటింట్లోనే చేశాను. వెన్నలో ఆ ఆకు పడగానే ఇల్లంతా ఆంటీ వాసన వచ్చింది. థాంక్స్‌గివింగ్ పూట ఆవిడ స్వెట్టర్‌కి అంటుకుని ఉండే వాసన అదేనని అప్పుడు తెలిసింది. పక్కన సెలరీ తరుగుతున్న వాళ్ళమ్మాయి కత్తి కింద పెట్టేసి, గోడకి తల ఆనించి నిలబడిపోయింది. ట్రే అవెన్‌లో నలభై నిమిషాలే ఉంచాను.

మధ్యాహ్నం రెండింటికి అంకుల్‌కి ప్లేటు పెట్టాం. వంగి వాసన చూశారు. స్పూన్ వదిలేసి చేత్తో ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఇంకో ముద్ద. ఇంకోటి. తొమ్మిది రోజుల తర్వాత ఆయన గొంతు దిగుతున్న మెతుకుల్ని ఇద్దరం నిలబడి చూశాం. దేవుడా, నీకు స్తోత్రం అన్నాను. ఇన్నేళ్ళుగా చర్చిలో అంటున్నాను, నిజంగా అన్నది ఆ రోజే.

సగం తిని ఆపేశారు. "డాడీ, ఇంకొంచెం తినండి, ప్లీజ్," అంది కూతురు.

"చాల్లే. ఇది మీ అమ్మకి," అన్నారు. "డ్యూటీ నుంచి ఆకలితో వస్తుంది."

ఆ పిల్ల నోరు తెరిచింది. నేను దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నిజం దాచడం పాపమో కాదో నాకు తెలీదు, ఆ రోజు తెలుసుకోవాలనీ లేదు. ఆయన ఎడమచేత్తో ఇంకో ప్లేటు లాక్కుని, మిగిలిన సగం మీద బోర్లించారు. తర్వాత, డ్యూటీ నుంచి ఆంటీ ఎప్పుడూ లోపలికొచ్చే గరాజ్ తలుపుకి ఎదురుగా కుర్చీ తిప్పుకుని, ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చల్లారిపోతోందేమోనని మధ్యమధ్య అరచెయ్యి ఆనించి చూసుకుంటున్నారు.