కరివేపాకు చెట్టు మింగిన మాత్రలు

ఆశా కార్యకర్త జీవమ్మకు ఆ ఏడు పంద్రాగస్టుకు ప్రశంసాపత్రం రాబోతోంది. గర్భిణుల చేత రక్తం పట్టే ఇనుము మాత్రలు నూటికి నూరు శాతం మింగించిన ఊరు మండలం మొత్తంలో ఆమెది ఒక్కటే. కోడుమూరు అవతల, బస్సు రోజుకు రెండుసార్లు వచ్చి రెండుసార్లూ తొందరపడే ఊరది.

ఈ కీర్తికి కారణం ఆమె పెట్టిన ఒక పద్ధతి. మొదట్లో "మాత్రలు మింగినావామ్మా?" అని అడిగితే అందరూ "మింగినా" అనేవాళ్లు. మంచాల కింద, బియ్యం డబ్బాల్లో మాత్రలు బయటపడేవి. పదహారేళ్లు ఊరంతా తిరిగి తిరిగి చెప్పులూ ఓపికా అరిగాక జీవమ్మ ఒక నియమం పెట్టింది. ఖాళీ షీటు చేతికిస్తేనే కొత్త షీటు. అప్పటి నుంచి ఖాళీ షీట్లు ఠంచనుగా వస్తున్నాయి. ఆమె వాటిని లెక్కబెట్టి ఫోనులో ఎక్కిస్తోంది. ఫోను చూసి పై అధికారులు మురిసిపోతున్నారు.

మురిసిపోనిది ఒక్క ఆరాధన రక్తమే. నాగలక్ష్మమ్మ కోడలు ఆరాధనకు ఇది రెండో కాన్పు. ఐదో నెలలో తొమ్మిదున్న రక్తం ఏడో నెలకు ఏడుకు దిగింది. నాలుగు మెట్లెక్కితే గసపోస్తోంది. ఇట్లాగే కాన్పుకు పోతే ఏమవుతుందో జీవమ్మకు తెలుసు. ఆరేళ్ల కిందట ఆమె ఒకర్ని అంబులెన్సు ఎక్కించి, ఒంటరిగా తిరిగొచ్చింది.

"అక్కా, సూదిమందు ఎక్కించాల. దినం మార్చి దినం, ఐదుసార్లు ఆస్పత్రికి రావాల" అంది జీవమ్మ.

నాగలక్ష్మమ్మ చేటలోని కందులు చెరుగుతూనే ఉంది. "ఐదు దినాలా? టమోటా కోతకొచ్చి ఉండాది. దీని వంతు సాలు ఎవురు కోస్తారు, నువ్వొస్తావా? అయినా షీట్లన్నీ ఖాళీ చేసి నీ చేతికే ఇస్తిని కదమ్మే. ఇంగా ఏం రక్తం కావాల నీకు?"

జీవమ్మ ఆరాధన వైపు తిరిగింది. "నువ్వు చెప్పు పాపా. మింగినావా?"

ఆరాధన అత్తను చూసి, కొంగు సర్దుకుని, "మజ్జిగ తాగుతావా పెద్దమ్మా?" అంది. ఆ ఇంట్లో ఆమె సొంతంగా అడగగలిగిన ప్రశ్న అదొక్కటే. మొగుడు భూపేష్‌ను అడిగితే, "అమ్మనడుగు" అనేసి బండి స్టార్టు చేశాడు.

లేస్తూ, ఇంత కరివేపాకు తుంచుకుందామని జీవమ్మ పెరట్లోకి పోయింది. ఆ చెట్టును చూసి నిలబడిపోయింది. ఊరి సున్నపు నేలలో కరివేపాకు పచ్చగా ఉంటే గొప్ప, సగం చెట్లు పసుపు రంగుకు తిరుగుతాయి. ఇదేమో పెండ్లికొడుకు మాదిరి నిగనిగలాడుతోంది. వంగి పాదులోకి చూస్తే, తడి మట్టిలో ఎర్రటి పెంకులు. మాత్రల పైపూత.

వెనకాలే వచ్చిన నాగలక్ష్మమ్మ దబాయించలేదు, సిగ్గూ పడలేదు. "పారేస్తే పాపం కదా, సర్కారు మందు. అందుకే చెట్టుకేసినా. మొదటి కాన్పు పుట్టింట్లో చేసినారు. ఆడ మాత్రలు మింగించినారు. పిల్ల చూడు, ఎంత నలుపో!"

పిల్ల తండ్రి భూపేష్‌ది అచ్చంగా నేరేడుపండు రంగు. ఆ సంగతి ఇంట్లో మూడేళ్లుగా ఎవరికీ తట్టలేదు. తప్పు మాత్రలది, మాత్రలు పెట్టిన వియ్యపురాలిది.

ఇంటికి పోతూ జీవమ్మ దారి పొడుగునా పెరళ్లలోకి తొంగి చూసింది. ఏ ఇంట్లో కోడలు పాలిపోయి ఉందో ఆ ఇంట్లో కరివేపాకు కళకళలాడుతోంది. ఆమె రిజిస్టరంతా పెరళ్లలో మొలిచి ఉంది.

మరునాడు ఆస్పత్రిలో డాక్టరమ్మ ఫోనులో ఆరాధన లెక్క చూసి నొసలు ముడిచింది. "నూటిరవై మాత్రలు మింగినా రక్తం తగ్గిందంటే లోపల ఇంకేదో జబ్బుండాలి. కర్నూలుకు రాస్తాను, పెద్ద పరీక్షలు చేయించాలి. మింగకపోయి ఉంటే మాత్రం రేపే ఇక్కడ సూదిమందు మొదలుపెట్టొచ్చు."

కర్నూలంటే నాగలక్ష్మమ్మ చస్తే పంపదు. పక్కనే ఉన్న సూపర్‌వైజర్ శివశంకర్ జీవమ్మను వరండాలోకి పిలిచాడు. ఏం జరిగిందో ఆయనకు సగం అర్థమైపోయింది.

"ఏమ్మా జీవమ్మా, ఇంకా వారమే కదా. పంద్రాగస్టు కానీ. పత్రం తీసుకున్నాక నిదానంగా చెప్పుకుందాం."

"రక్తానికి పంద్రాగస్టు తెలుస్తాదా సార్?"

"నీదొక్కటే కాదమ్మా, మండలం పేరు పోతాది."

"పోతే పోనీలే సార్. మండలానికి కాన్పు లేదు కదా" అని, జీవమ్మ లోపలికి పోయి చెప్పేసింది. "మింగలేదు మేడం. చెట్టు మింగింది. ఆరాధనదే కాదు, శానా ఇండ్లలో."

ఆ సాయంత్రం జీవమ్మ నాగలక్ష్మమ్మ ఇంటి అరుగు మీద కూర్చుంది. తిట్టలేదు, నీతులూ చెప్పలేదు. పదహారేళ్లు నిజం చెప్పి చూసింది. ఈసారి నాగలక్ష్మమ్మ లెక్కలోనే మాట్లాడింది. "అక్కా, మాత్ర కడుపులోకి పోతాది. బిడ్డా కడుపులోనే ఉంటాది. రంగు అంటుతాదని కదా నీ భయం? సూదిమందు చేతి నరంలో పోతాది. చెయ్యి యాడ, కడుపు యాడ?"

నాగలక్ష్మమ్మ తన చేతిని, కడుపును మార్చి మార్చి చూసుకుంది. "అదీ నిజమే. మరి టమోటా?"

"ఆ సాలు తెల్లారి నేనొచ్చి కోస్తా."

అట్లా ఒప్పుకుంది. మొదటిరోజు తానూ వెంట వచ్చింది. నర్సు మందు కలిపిన సీసా వేలాడదీయగానే అదిరిపడి లేచింది. "ఏందిమే జీవమ్మా ఇది! డికాషను మాదిరి నల్లగా ఉండాదే!"

ఇనుము మందు ముదురు రంగులో ఉంటుందన్న సంగతి ఒప్పించే కంగారులో జీవమ్మకే గుర్తు రాలేదు. భుజమ్మీది తువ్వాలు తీసి సీసా మీద కప్పింది. "వెలుతురు తగలకూడదక్కా" అంది. ఆరాధన మొహం అటు తిప్పుకుని నవ్వింది. ఆమె నవ్వగా జీవమ్మ చూడడం అదే మొదలు.

పంద్రాగస్టు నాడు పక్క ఊరి కార్యకర్తకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఖాళీ షీట్ల పద్ధతి ఆమె జీవమ్మ దగ్గరే నేర్చుకుంది. ఆ ఊరి కరివేపాకు ఎట్లుందో ఎవరూ పోయి చూడలేదు. చప్పట్లు కొట్టే వేళకు జీవమ్మ టమోటా సాల్లో నడుం వంచి ఉంది.

అక్టోబరులో ఆరాధన ఆస్పత్రిలోనే కనింది. రక్తం పది దాటింది. బిడ్డ రెండు కిలోల ఎనిమిది వందలు. మగపిల్లవాడు, నేరేడుపండు.

నెల తిరక్కముందే నాగలక్ష్మమ్మ జీవమ్మ గడపలోకొచ్చి కూలబడింది. నాలుగడుగులకే గసపోస్తోంది.

"నీ సూదిమందు నలుపు కూడా దిగిందమ్మే."

"దిగింది నీ కొడుకు నలుపక్కా."

"అది సరేలే. చెట్టు పసుపు తిరిగింది. నాలుగు షీట్లు పడేయ్, పున్నెముంటాది."

జీవమ్మ ఆమె రెప్ప కిందికి లాగి చూసింది. సున్నం వేసిన గోడంత తెల్లగా ఉంది. ఐదు కాన్పులై, ముగ్గురిని దక్కించుకున్న ఒళ్లు. యాభై దాటిన ఆమెకు జీవమ్మ రిజిస్టరులో గడే లేదు. ఆమె రెప్ప కిందికి లాగి ఇంతవరకు ఎవరూ చూడలేదు.

"రేపు నాతో డాక్టరమ్మ దగ్గరికి రా. ఆమె రాసిస్తే ఇస్తా. చెట్టుకు కాదు, నీకు. నా ముందరే మింగాల."

"నేనా? నాకెందుకే? నల్లబడతా!"

అని, తనకు తానే నవ్వొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సరేలే, నాకిప్పుడు పెండ్లిచూపులా ఏమన్నానా. పొద్దున ఎన్ని గంటలకి బస్సు?"