సమ్మయ్య చేతిలో నేను పెట్టిన అగ్గిపెట్టె

ఈ మాట నలభై ఏళ్లుగా నాలో కుళ్లుతోంది. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు అక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నాను. అడవి మంటల్లోంచి బతికి బయటపడటం ఎలాగో నేర్పుతూ నేనొక పుస్తకం రాశాను. థూ, దాని అట్ట గుర్తొస్తేనే నోరు చేదవుతుంది.

డెబ్బైల చివర్లో నేను తునికాకు కంట్రాక్టరు దగ్గర గుమాస్తాను. మాది హనుమకొండలో కిరాణా కుటుంబం, అడవి గురించి నాకేం తెలుసు? ఎండాకాలం ముందు తునికి పొదల కొమ్మలు కొట్టిస్తే బీడీలకు పనికొచ్చే లేతాకు వస్తుంది. దానికి పది రోజులు పడుతుంది. పొదలను అంటిస్తే ఒక్క పూట. తప్పని తెలిసీ అంటించేవాళ్లం. కాకపోతే కూలీలు ముందు ఎండుటాకు ఊడ్చి, మంట దాటకుండా చుట్టూ బాట తీసి, అప్పుడు నిప్పు పెట్టేవాళ్లు. ఆ రోజు నాతో ఉన్న కూలీ సమ్మయ్య, గాలి బాగా లేదు, ఊడ్చేదాకా ఆగమన్నాడు. మధ్యాహ్నం బస్సు తప్పిపోతుందని నేను ఆగలేదు. పుల్ల గీసింది నేనే.

గాలి తిరిగి మంట మమ్మల్ని తరిమింది. సమ్మయ్య పరుగు ఆపి, మా ముందున్న గడ్డిని తనే అంటించాడు. ఒకసారి కాలిన నేల మీదికి మంట మళ్లీ రాదు. అది కాలి నల్లబడగానే నన్ను ఆ బూడిదలో బోర్లా పడుకోబెట్టి, తన గొంగడి నామీద కప్పాడు. నా వెంట్రుక కూడా కాలలేదు. అతని వీపంతా బొబ్బలెక్కింది.

అతను దవాఖానలో ఉండగా అటవీ శాఖవాళ్లు వచ్చి అడిగారు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్ల కింది ఎండుటాకును సమ్మయ్యే అంటించాడని చెప్పాను. భయమా? భయం ఒక రోజుంటుంది. మరి రెండేళ్ల తర్వాత తీరిగ్గా కూర్చుని అదే అబద్ధాన్ని పుస్తకంగా ఎందుకు రాశాను? అందులో ఎదురుమంట పెట్టినవాణ్ని నేను, గొంగడి కప్పినవాణ్ని నేను. బడుల్లో పిలిచి శాలువాలు కప్పారు. కప్పించుకున్నాను.

ఒకరోజు సమ్మయ్య మా దుకాణానికి వచ్చాడు. అతని బిడ్డ బడి నుంచి ఆ పుస్తకం తెచ్చి చదివి వినిపించిందట.

"నేను అంటువెట్టిన్నని రాసినవట గద సారూ."

"కథ అన్నంక జర కలుపుతం, సమ్మయ్యా."

"కలుపు. పులిని కలుపు, ఎలుగుబంటిని కలుపు. నా చేతిల అగ్గిపెట్టె ఎందుకు వెట్టినవ్? అడివి గాల్చినోడని నన్ను ఆకు తెంపనిస్తలేరు. మల్ల అచ్చేసినప్పుడు ఆ ఒక్క ముక్క తీసెయ్యి. గొంగడి నువ్వే కప్పినవని ఉండనియ్యి, నాకేం ఫికర్ లేదు."

తీసేస్తానన్నాను. చాయ్ కూడా తాగించాను.

రెండో అచ్చులో తీయలేదు. బొమ్మ వేయించాను. అట్ట మీద, చేతిలో అగ్గిపెట్టెతో, దొంగచూపులు చూసే ఒక కూలీ మనిషి. అట్ట ఎర్రగా ఉంటే పుస్తకం బాగా పోతుందని ప్రెస్సువాడికి చెప్పింది కూడా నేనే. ఇంత నీచానికి నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు.

సమ్మయ్య మళ్లీ రాలేదు. ఆకు పని దొరక్క రాళ్లు కొట్టే పనికి పోయాడని, ఆ పనిలోనే పోయాడని చాలాకాలానికి విన్నాను. అతని బిడ్డ ఎక్కడుందో వెతకలేదు. వెతకలేక కాదు.

ఆ అడవికి నిప్పు పెట్టింది నేను. నన్ను బతికించింది సమ్మయ్య. ఇది రాశాక గుండె కాస్త తేలికైంది, చచ్చినవాడికి దక్కనిది నాకు దక్కింది. అది కూడా నాకు రోతగానే ఉంది.