ముగ్గు దాటకుండా బతికి చూడమన్న మేడమ్

మా మున్సిపాలిటీలో చాలాకాలం టౌన్ ప్లానింగ్ చూసి రిటైరైన మేడమ్ పోయిన వారం కన్నుమూశారు. ఖమ్మం దవాఖానా నుంచి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ పొద్దుగాల నిద్రలనే పోయింది సార్. నొప్పి తెలువలే" అన్నాడు. క్యాన్సర్ ఆమెను ఎంత పీడించిందో చూసినవాణ్ని. ఆ మాట విన్నాక నాకు ముందు కలిగింది ఊరటే.

ఇంటి పర్మిషన్లు, ఉన్న జాగాను రెండుగా పంచుకునేవాళ్ల దరఖాస్తులు ఆమె చూసేవారు. పంపకం దరఖాస్తు వస్తే ముందు స్కూటీ తీసేవారు. డిక్కీలో ముగ్గుపిండి సంచి, మంచినీళ్ల సీసా ఉండేవి. నీళ్లెందుకని అడిగితే, "పంచుకునే కాడ ఎవరింట్ల నీళ్లు తాగినా రెండో ఇల్లు మొఖం మాడ్చుకుంటది" అన్నారు.

పునాది తీసేముందు మన దగ్గర అందరూ ముగ్గు పోస్తారు. ఆమె పంపకానికీ పోసేవారు. గోడ రాబోయే చోట గీత పోసి, కొన్నాళ్లు దాన్ని దాటకుండా బతికి చూడమనేవారు. "కాగితం మీద అందరికీ దారుంటది. నడిచి చూడుండ్రి" అనేది ఆమె మాట.

విలేకరిగా నాకొచ్చిన ఒక ఫిర్యాదు వల్ల ఆ పద్ధతిని దగ్గర నుంచి చూశాను. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఫోన్ చేసి, "ఆఫీసోళ్లు సతాయిస్తున్నరు, పేపర్ల రాయాలె సార్" అన్నాడు. తండ్రి ఇచ్చిన జాగా. రోడ్డు వైపు భాగం తనకు, వెనక భాగం చనిపోయిన తమ్ముడి భార్యకు అని ప్లాను గీయించాడు. ఆమె బట్టలు కుట్టి బతుకుతుంది. వెనక భాగానికి దారి లేదు.

నేను వెళ్లేసరికి మేడమ్ అక్కడే ఉన్నారు.

"మా వాకిట్లకెల్లి పోతది. ఎవరన్న వద్దన్నరా?" అంటున్నాడు పెద్దాయన.

"నువ్వనవన్నా. రేపు నీ ఇల్లు కొన్నోడు అంటడు."

"నేనెందుకు అమ్ముత?"

"సరే, అమ్మకు. గాని ముగ్గు పోస్త. ఓ వారం దాన్నే గోడనుకోండ్రి."

బోరు వెనక భాగంలో ఉందన్న సంగతి పెద్దాయనకు ముగ్గు పడ్డాకే తట్టింది. రెండు మూడు రోజులకు మళ్లీ వెళితే, ఆయన భార్య బిందెతో గీత దగ్గర నిలబడి ఉంది.

"చెల్లే, జర నీళ్లు పట్టియ్యవే."

"నడుమ గోడున్నది గదక్కా. నీ మాట ఇనబడ్తలేదు" అని నవ్వుతూనే బిందె అందుకుంది తోడికోడలు.

నీళ్లు పట్టిచ్చి, కుట్టిన బట్టల మూట నెత్తిన పెట్టుకుని, పక్కింటి పశువుల కొట్టం గుండా పేడ తొక్కుకుంటూ రోడ్డెక్కింది. మధ్యలో మూట జారి పడింది. అరుగు మీద నుంచి చూస్తున్న పెద్దాయన లేచి వచ్చి ముగ్గును కాలితో చెరిపేశాడు.

"ఏంది సార్ గట్ల చూస్తున్నవ్? మేడమ్‌కు ఫోన్ కొట్టు. దారిస్త."

మేడమ్ వచ్చి ఆటో పట్టేంత దారి అడిగారు.

"స్కూటీ పడితె సాలదా?"

"పాణం బాగలేకుంటె స్కూటీ మీద పండవెట్టి తీస్కపోతరా అన్నా?"

ఆయన ఒప్పుకున్నాడు. ఆ దారి ప్లానులోకి, రిజిస్ట్రేషన్‌లోకి ఎక్కేదాకా ఆమె సంతకం పెట్టలేదు. ఫైలు ఆలస్యం చేస్తారని ఆమెకు పేరుండేది. నిజమే, చేసేవారు. అందరూ ఆమె మాట వినలేదు కూడా. కొందరు ముగ్గు తుడిచేసి గోడలు లేపారు. ఆ తగాదాలు ఇంకా కోర్టులో ఉన్నాయి.

దవాఖానాకు నేను చూడ్డానికి వెళ్లినప్పుడు ఆమె తన రోగం మాట ఎత్తలేదు. పెద్దాయన ముందు భాగం అమ్మేశాడని ఎవరో చెప్పారట. "కొన్నోడు ఎట్లాంటోడో. ఆ పిల్ల దారి మూసిండేమో, జర చూసి చెప్పు తమ్మీ" అన్నారు. ఆ కాస్త అడగడానికే మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే వెళ్లాను. దూరం నుంచి దారి మూసుకుపోయినట్టే కనిపించింది. దగ్గరికి వెళితే అన్నీ మిరపకాయలు. ఇల్లు కొన్నది ముదిగొండ వైపు రైతు కుటుంబం. దారి పొడవునా పట్టా పరిచి మిర్చి ఆరబోశారు. అంతలో బట్టల మూటలతో పెద్దాయన మరదలు ఎక్కిన ఆటో వచ్చి హారన్ కొట్టింది. కొత్తింటావిడ పరుగెత్తుకొచ్చి పట్టా ఒక పక్కకు లాగసాగింది.

"ఆగాగు వదినా! తొక్కిస్తె ఆ కారం నీ కళ్లల్లనే కొడ్త."

"నీ కాయలు నాకెందుకు? నా దారి నాకియ్యి."

మర్నాడు ఇదంతా మేడమ్‌కు చెప్పాను. కళ్లు మూసుకునే విన్నారు. "ఇగ మంచిది" అన్నారు. మళ్లీ, "అడిగినంకనే జరిపిందా?" అని అడిగారు. హారన్ వినగానే జరిపిందని చెప్పాను. ఆటో మెల్లగా లోపలికి పోతుంటే, చెదిరిన కాయలు కొంగుల్లోకి ఏరుకుంటూ, ఇద్దరాడవాళ్లూ దాని వెనకే నడిచి వెళ్లారని చెప్పాను.